గూడు పెట్టిన వేటపక్షుల ఇలాకా కాపలాను గమనించడం: విజయవాడ, గుంటూరు పరిసరాల వారు తరచుగా అడిగే ప్రశ్నలు

పక్షికి ఇలాకా అంటే ఏమిటి? అది తిరిగే చోటంతా దాని ఇలాకాయేనా?

కాదు. వేటపక్షి తిండి కోసం తిరిగే మేర వేరు, మరో పక్షిని అడుగు పెట్టనివ్వకుండా కాపాడుకొనే మేర వేరు. మొదటిది పెద్దది, దాని అంచులు పక్క జంటల మేరలతో కలిసిపోతూ ఉంటాయి. రెండోది చిన్నది, సాధారణంగా గూడు చుట్టూ ఉంటుంది. ఇక్కడ ఇలాకా అన్నప్పుడల్లా ఆ రెండో దాని గురించే చెబుతున్నాము.

ఈ తేడా జాతిని బట్టి మారుతుంది. మన ఊళ్లలో అందరికీ తెలిసిన నల్ల గద్ద చేపల మార్కెట్టు మీద, చెత్త పోసే చోట్ల తోటి గద్దలతో కలిసి తింటుంది, అక్కడ చోటు కోసం పేచీ పెట్టదు. ఆ గద్దల్లోనే ఒకటి తన గూడున్న చెట్టు వైపు వస్తే మాత్రం ఊరుకోదు. కాపాడుకొనేది గూటి చుట్టూ ఉన్న కొద్దిపాటి చోటునే కాబట్టి, నల్ల గద్దల గూళ్లు ఒక్కోసారి ఒకే వీధిలోని చెట్ల మీద కూడా ఉండగలుగుతాయి. డేగ అలా కాదు. అది తొండలనూ ఉడుతలనూ చిన్న పిట్టలనూ గూటి చుట్టుపక్కల తోటల్లోనే వేటాడుతుంది కనుక, దాని ఇలాకాకూ వేట మేరకూ మధ్య తేడా తక్కువ, మరో డేగ జంట అంత దగ్గరలో కనిపించడమూ అరుదు.

మన చుట్టుపక్కల ఏయే వేటపక్షులు గూడు పెడతాయి? ఎప్పుడు చూడాలి?

కొత్తగా మొదలుపెట్టేవారికి నల్ల గద్ద, గరుడ పక్షి, డేగ, అడవి రామదాసు అనే నాలుగు చాలు. నిజానికి ఈ నాలుగింటిని సరిగ్గా చూస్తే కొన్నేళ్లు సరిపోతుంది.

నల్ల గద్ద చలికాలంలో జత కట్టి, వానలు రాకముందే పిల్లలను ఎగరేస్తుంది. రావి, వేప, నిద్రగన్నేరు వంటి పెద్ద చెట్ల మీదనే కాక సెల్ టవర్ల మీద కూడా గూడు పెడుతుంది. సాధారణంగా రెండు మూడు గుడ్లు పెట్టి, నెల రోజులకు పైగా పొదుగుతుంది. గరుడ పక్షికి నీరు కావాలి. కృష్ణ ఒడ్డున, భవానీ ద్వీపం చుట్టూ, ప్రకాశం బ్యారేజీకి దిగువన, కాలువ గట్ల మీది కొబ్బరి చెట్లలో, పెద్ద చెట్లలో డిసెంబరు నుంచి ఏప్రిల్ మధ్య దాని సందడి ఎక్కువ. సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది, పొదగడానికి 26 లేదా 27 రోజులు పడుతుంది. పాత గూటినే ఏటా బాగు చేసుకొని వాడుకొనే అలవాటు ఉన్నందున, ఒకసారి గూడు దొరికితే మరుసటి ఏడు వెతుకులాట తప్పుతుంది.

డేగ మార్చి నుంచి జూన్ వరకు, అంటే మనం ఎండకు బయటికి రావడానికే వెనుకాడే రోజుల్లో గూడు పెడుతుంది. మామిడి, వేప, చింత చెట్లలో దాని గూడు కాకి గూడును పోలి ఉంటుంది. మూడు నాలుగు గుడ్లు మామూలు, పొదిగేది మూడు వారాల లోపే. అడవి రామదాసు తెల్లటి ఒళ్లు, నల్లటి భుజాలు, ఎర్రటి కళ్లతో పొలాల మధ్య కరెంటు తీగల మీద కూర్చొని, గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి ఎలుకల కోసం చూసే పక్షి. గుంటూరు చుట్టుపక్కల పొలాల దారుల్లో దీన్ని చూడని రైతు ఉండడు, పేరు తెలియకపోవచ్చు. దీనికి నిర్దిష్టమైన ఋతువు లేదు. భారతదేశంలో దీని గూళ్లు ఏడాది పొడవునా నమోదయ్యాయి గానీ, ఏప్రిల్, మే నెలల్లో గూడు పెట్టదని భావిస్తారు.

కొండపల్లి, మంగళగిరి, కొండవీడు వంటి రాతికొండల వైపు వెళ్లేవారు పాముల గద్దలను, పెద్ద గుడ్లగూబలను కూడా దృష్టిలో పెట్టుకోవచ్చు. అయితే అక్కడి పక్షులు మనుషులకు అలవాటు పడినవి కావు, అందుచేత అవి మొదటి పాఠానికి తగినవి కావు.

గూడు కంటపడకముందే ఆ చోటు ఒక జంటదని ఎలా తెలుసుకోవచ్చు?

గూడు వెతకడం మానేసి పక్షిని చూస్తూ కూర్చోవడమే సరైన దారి. ఒకే ఎండుకొమ్మ మీద, ఒకే టవరు మీద రోజూ ఉదయం అదే పక్షి కూర్చొని కూస్తూ ఉంటే అది తన ఉనికిని చాటుకుంటున్నదని అర్థం. ఎండ కాస్త ఎక్కి నేల నుంచి వేడిగాలి లేచే వేళకు, సుమారు తొమ్మిది గంటల తరువాత, జంట రెండూ ఒకే చోటి మీద ఎత్తుగా గిరికీలు కొడతాయి. దూరాన ఉన్న మరో జంటకు కనబడేలా తిరగడం ఈ గిరికీల ఉద్దేశాల్లో ఒకటి. కాళ్లలో పుల్లతో, గుడ్డపేలికతో ఒకే దిక్కుకు మళ్లీ మళ్లీ పోయే పక్షిని గమనిస్తే గూడు ఉన్న దిక్కు తెలుస్తుంది.

కూతలు చాలా పనికి వస్తాయి. నల్ల గద్దది వణుకుతూ సాగే సన్నటి కూత, గరుడ పక్షిది పసిపిల్ల ఏడుపులా ముక్కుతో సాగదీసిన కూత, డేగది రెండు ముక్కల పదునైన కూత. డేగ కూత వినగానే రాసుకోవద్దు, పక్షిని కళ్లతో చూశాకే రాసుకోండి. ఏట్రింత, అంటే పసుల పోలిగాడు, డేగ గొంతును అచ్చంగా అనుకరించి గోరింకలను బెదరగొట్టి వాటి తిండిని కాజేయడం పక్షి పరిశీలకులు నమోదు చేసిన విషయమే.

రెండు గద్దలు గాలిలో కొట్టుకుంటే అది ఇలాకా తగాదాయేనా?

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే కాబట్టి దీనికి కాస్త వివరంగా చెప్పాలి. గాలిలో ఒక పక్షి మరొక దాన్ని తరమడానికి కనీసం నాలుగు కారణాలుంటాయి.

మొదట చూడవలసింది ముందు పోతున్న పక్షి కాళ్లను. వాటిలో చేపో మాంసం ముక్కో ఉంటే అది దోపిడీ ప్రయత్నం, ఇలాకాతో దానికి సంబంధం లేదు. ముక్క జారిపోగానే తరుము ఆగిపోతుంది, తరిమినది ముక్క వెనుక దిగుతుంది. బ్యారేజీ దగ్గర చేపలు పట్టే వేళ కనిపించే తగాదాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

రెండోది జంట ఆట. జత కట్టే రోజుల్లో ఆడ, మగ గద్దలు ఒకదాని కాళ్లను ఒకటి పట్టుకొని సుళ్లు తిరుగుతూ కిందికి జారి, నేలకు కాస్త ఎత్తులో విడిపోతాయి. రెండు శత్రు పక్షులు కూడా కాళ్లు పెనవేసుకొని ఇలాగే పడతాయి. కనుక ఆ క్షణాన్ని చూసి తేల్చవద్దు, విడిపోయిన తరువాత ఏం జరిగిందో చూడండి. రెండూ కలిసి గిరికీలకు లేచినా, ఒకే చెట్టు మీద వాలినా అవి జంటే. ఒకటి దూరంగా వెళ్లిపోయి, రెండోది వెనక్కి తిరిగి తన కొమ్మ మీదికి వచ్చి కూస్తే అది ఇలాకా తగాదా.

మూడోది పిల్లల తంతు. గూడు వదిలిన కొత్తలో పిల్లలు తల్లిదండ్రుల వెంట అరుస్తూ ఎగురుతాయి, ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఒంటి మీద లేత చారలున్న నల్ల గద్ద పిల్లను గుర్తించడం కష్టం కాదు. గరుడ పక్షి పిల్ల మాత్రం ముదురు గోధుమ రంగులో ఉండి నల్ల గద్దగా భ్రమ కలిగిస్తుంది. తోక చివర చూడాలి, నల్ల గద్దకు మధ్యలో చీలినట్లు ఉంటుంది, గరుడ పక్షికి గుండ్రంగా ఉంటుంది.

ఈ మూడూ కావని తేలాక మిగిలేదే అసలైన ఇలాకా తగాదా. దానికి ఒక చోటు ఉంటుంది. తరిమే పక్షి ఒక హద్దు దాకా వచ్చి, చొరబడిన పక్షి ఇంకా కనబడుతూనే ఉన్నా, అక్కడి నుంచి వెనక్కి మళ్లుతుంది. అలా మళ్లిన చోట్లను కొన్ని వారాల పాటు పటం మీద గుర్తుపెడితే ఆ జంట హద్దు మీ కళ్ల ముందు తేలుతుంది. ఈ పనిలో ఇంతకు మించిన ఆనందం నాకు తెలియదు.

బెదిరింపు ఏ వరుసలో ముదురుతుంది?

వేటపక్షుల గోళ్లు ఒకదాన్నొకటి చంపగలవు. అందువల్ల నిజమైన దెబ్బల దాకా పోకుండా తేల్చుకోవడానికే రెండూ ప్రయత్నిస్తాయి. మొదట కొమ్మ మీది నుంచి కూత, తరువాత లేచి చొరబాటుదారుకు పైన చేరడం. ఎత్తు దక్కినదే మొగ్గు సాధిస్తుంది కాబట్టి ఈ ఘట్టాన్ని శ్రద్ధగా చూడాలి. ఆ తరువాత పక్కపక్కనే ఎగురుతూ హద్దు దాకా సాగనంపడం, అప్పుడు కాళ్లు కిందికి వేలాడదీయడం. దానికీ లొంగకపోతే పై నుంచి దూకడం. అప్పుడు కింది పక్షి వెల్లకిలా తిరిగి గోళ్లు చూపుతుంది. కాళ్లు పెనవేసుకోవడం చివరి మెట్టు.

చాలా తగాదాలు సాగనంపడంతోనే ముగుస్తాయి. పక్క జంటతో హద్దు కుదిరిన తరువాత ఆ పక్షుల మధ్య పట్టింపు తగ్గి, కొత్తగా వచ్చిన గూడు లేని పక్షి మీద కోపం ఎక్కువగా ఉండడం అనేక పక్షి జాతుల్లో గమనించిన సంగతి. అందుకని, కొందరిని చూస్తూ ఊరుకుని మరికొందరి మీద విరుచుకుపడితే ఆ పక్షి ప్రవర్తనలో నిలకడ లేదనుకోవద్దు. వచ్చింది పొరుగుదా, పరాయిదా అని ముందు ఆరా తీయండి.

ఏ పక్షి ఎవరో తెలియకుండా ఇదంతా ఎలా సాధ్యం? గద్దలన్నీ ఒకేలా ఉంటాయి కదా?

రెక్క ఈకలు చూడండి. వేటపక్షులు ఈకలను కొద్దికొద్దిగా మార్చుకుంటాయి. ఈక రాలిన సందు రెండు రెక్కల్లోనూ ఒకే చోట ఉంటే అది సహజంగా మారే క్రమం, కొన్ని వారాల్లో పూడిపోతుంది. ఒక్క రెక్కలోనే ఉంటే, లేదా తోకలో ఒక ఈక సగానికి విరిగి ఉంటే, ఆ గుర్తు తరువాతి మార్పిడి దాకా నిలుస్తుంది. ఎడమ రెక్క చివరి నుంచి నాలుగో ఈక విరిగిన గద్ద అని రాసుకుంటే ఆ ఋతువంతా దాన్ని పేరు పెట్టి పిలిచినంత సులువుగా గుర్తుపట్టవచ్చు. ఆకాశం వెలుతురులో ఈ సందులు బైనాక్యులర్స్ లేకుండా కూడా కొన్నిసార్లు కనిపిస్తాయి.

ఆడ, మగ తేడా విషయానికి వస్తే, వేటపక్షుల్లో ఆడదే పెద్దది. డేగల్లో ఇది తేలికగా తెలుస్తుంది, పైగా మగ డేగ వెన్ను బూడిద రంగులో, కళ్లు ఎర్రగా ఉంటాయి, ఆడ డేగ కాస్త గోధుమ ఛాయలో, కళ్లు పసుపు నారింజ రంగులో ఉంటాయి. గద్దల్లో జంట పక్కపక్కన ఉంటే తప్ప చెప్పడం కష్టం.

కాపలా కాసేది మగదా, ఆడదా?

రెండూ కాస్తాయి, అయితే పని పంపకం ఉంటుంది. మగది ఎక్కువగా వేటకూ హద్దుల కాపలాకూ తిరుగుతుంది, ఆడది గూటికి దగ్గరగా ఉంటుంది. డేగ జంటను ఉదయం పూట చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. మగది తొండను పట్టుకొని గూటికి నేరుగా రాదు. కొంత దూరంలోని కొమ్మ మీద వాలి కూస్తుంది. ఆడది గూడు వదిలి అక్కడికి వెళ్లి, తొండను అందుకొని, తాను కాస్త తిని, మిగిలినది పిల్లలకు చీల్చి పెడుతుంది. ఆ కొన్ని నిమిషాలు గూటి పక్కన కాకి మసిలితే మగది వెంటనే దూకుతుంది. అడవి రామదాసుల్లో పిల్లలు ఎగిరిన తరువాత కూడా రెండు నెలలకు పైగా తండ్రే తిండి అందిస్తాడు, మొదట కొమ్మ మీద, ఆ తరువాత గాలిలోనే.

కాకులు, ఏట్రింతలు గద్దను తరుముతుంటే దాన్ని కూడా రాసుకోవాలా?

తప్పకుండా రాసుకోవాలి, కానీ వేరే వరుసలో. అక్కడ ఇలాకా ఏట్రింతది, గద్ద చొరబాటుదారు. తనకంటే ఎన్నో రెట్లు పెద్దదైన పక్షి వీపు మీద ఏట్రింత పొడుస్తుంటే గద్ద ఎదురు తిరగకుండా దారి మార్చుకుంటుంది. ఈ తరుము ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూస్తే ఏట్రింత గూడు ఎటు ఉందో కూడా తెలుస్తుంది.

గూటికి ఎంత దూరంలో ఉండాలి?

ఒక్క అంకె చెప్పి ఊరుకుంటే అది సరైన జవాబు కాదు. బందరు రోడ్డు పక్క చెట్టు మీద గూడు పెట్టిన గద్ద కింద నడిచే జనాన్ని లెక్కచేయదు, కానీ ఆగి తల ఎత్తి తన వంకే చూసే ఒక్క మనిషిని వెంటనే గుర్తిస్తుంది. కొండ మీది పాముల గద్ద అర కిలోమీటరు దూరాన మనిషి కనిపించినా కలత చెందవచ్చు. ఊరి గద్దలకు వంద మీటర్ల దగ్గర మొదలుపెట్టడం, కొండల్లో అంతకు ఎన్నో రెట్లు దూరం పాటించడం మంచిదని నా అభిప్రాయం. ఎనిమిది రెట్లు పెద్దగా చూపే 8×42 బైనాక్యులర్స్ ఊరి పక్షులకు సరిపోతాయి.

అంకె కంటే ముఖ్యమైనది పక్షి ప్రవర్తన. అది మీ వైపు తల తిప్పి అలాగే చూస్తున్నా, తినడం ఆపేసినా, ఆపకుండా కూస్తున్నా, గూటికి తిండి తెచ్చి వాలకుండా చుట్టూ తిరుగుతున్నా మీరు దగ్గరైనట్లే. అప్పుడు కనిపించేది ఇలాకా కాపలా కాదు, మీ మీద భయం. ఆ భయాన్ని నోట్సులో ఎంత వివరంగా రాసుకున్నా దానికి విలువ లేదు. మీరు లేకపోయినా జరిగి ఉండేదాన్ని మాత్రమే చూడాలన్నది ఈ పని మొత్తానికీ పునాది, నేను చెప్పదలచుకున్న తక్కినవన్నీ దాని నుంచి వచ్చినవే. వచ్చి కూర్చున్నాక మొదటి పావుగంట ఏమీ రాయకండి. పక్షి తన పనిలో తాను పడిన తరువాత రాయడం మొదలుపెట్టండి. కారులో కూర్చొని గాని, చెట్టు చాటున గాని, ఎదుటి మేడ మీద నీడలో గాని ఉండి చూస్తే పక్షి త్వరగా కుదుటపడుతుంది. అటూ ఇటూ తిరగడం కంటే ఒకే చోట ఉండడం మేలు.

కాసేపు తల్లి గూడు వదిలితే అంత నష్టం ఏమిటి?

మన ప్రాంతంలో నష్టం ఎండ వల్ల వస్తుంది. చలి దేశాల్లో రాసిన సూచనలు గుడ్లు చల్లబడతాయని హెచ్చరిస్తాయి. విజయవాడలో ఏప్రిల్, మే నెలల్లో 45 డిగ్రీలకు చేరే రోజులుంటాయి. ఆ ఎండలో తల్లి డేగ గూటి అంచున నిలబడి, సూర్యుడి వైపు వీపు పెట్టి, రెక్కలు కొద్దిగా విప్పి పిల్లల మీద నీడ పడేలా చూస్తుంది. ఎండ తిరిగిన కొద్దీ తానూ తిరుగుతుంది, నోరు తెరుచుకొని రొప్పుతూనే ఉంటుంది గాని కదలదు. ఈకలు రాని పిల్లలు ఆ నీడ లేకపోతే ఎంతోసేపు బతకవు. తల్లిని లేపి ఫోటో తీసుకోవాలనుకొనేవారు ఈ దృశ్యాన్ని ఒక్కసారి దూరం నుంచి చూడాలి. తల్లి లేచిన సందులో కాకి గుడ్డు ఎత్తుకుపోవడం రెండో ప్రమాదం, అది ఏ నెలలోనైనా జరుగుతుంది.

అందుకే మార్చి చివరి నుంచి ఉదయం పది లోపు, సాయంత్రం నాలుగున్నర తరువాత మాత్రమే చూడటం మంచిది. ఇది మీ ఆరోగ్యానికీ అవసరమే.

కోపం ఏ దశలో ఎక్కువ?

ఎవరి మీద కోపం అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. తమ జాతి పక్షులతో తగాదాలు గుడ్లు పెట్టక ముందు, హద్దులు తేలే రోజుల్లో ఎక్కువ. పొదిగే కాలంలో జంట చప్పుడు చేయకుండా, గూటి గుట్టు బయటపడకుండా ఉంటుంది. అప్పుడు గంటల తరబడి ఏమీ జరగకపోవడం కూడా ఒక పరిశీలనే. గుడ్లు తినే, పిల్లలను ఎత్తుకుపోయే జంతువుల మీద, మనుషుల మీద కోపం మాత్రం పిల్లలు పెరిగిన కొద్దీ పెరిగి, అవి ఎగరబోయే రోజులకు తారస్థాయికి చేరుతుంది. ఈ రెండింటినీ కలిపి ఒకే లెక్కలో వేస్తే ఏమీ అర్థం కాదు.

మా మేడ మీదికి వెళ్తే గద్ద తలమీద తన్నుతోంది. ఏం చేయాలి?

వేసవిలో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఆ గద్దకు మీ మీద పగ ఏమీ లేదు, మీ నీళ్ల ట్యాంకు దాని గూటి హద్దులోకి వచ్చింది. దాదాపు ఎప్పుడూ వెనుక నుంచి దూకుతుంది కాబట్టి, గొడుగు తెరిచి పట్టుకొని వెళ్లడం తేలికైన ఉపాయం. మీ ఇంటి పిల్లలను ఒంటరిగా పంపవద్దు. అప్పడాలు, వడియాలు, మిరపకాయలు ఆరబెట్టే పని కొన్నాళ్లు మరో చోటికి మార్చుకోండి. పిల్లలు గూడు వదిలి బాగా ఎగరడం మొదలుపెట్టాక ఈ బాధ దానంతటదే పోతుంది.

అన్ని గద్దలూ ఇలా తన్నవు. ఢిల్లీలో నల్ల గద్దల మీద నిశాంత్ కుమార్, ఆయన సహచరులు చేసిన పరిశోధన 2018లో వెలువడింది. చెత్త, మనుషులు వేసే మాంసం ముక్కలు పుష్కలంగా దొరికే చోట గూడు పెట్టిన గద్దలు మనుషుల మీదికి దూకడంలో మరింత దూకుడుగా ఉన్నాయని అందులో తేలింది. కోడి వ్యర్థాలను మేడ మీదికి, ఖాళీ స్థలంలోకి విసిరే అలవాటు ఉన్న వీధులు ఆ అలవాటు మానుకోవడం ఇందువల్ల కూడా అవసరం. గూడు తీసేయడం పరిష్కారం కాదు, చట్టరీత్యా నేరం కూడా.

గద్ద గూట్లో ప్లాస్టిక్ కాగితాలు, గుడ్డలు ఎందుకు?

స్పెయిన్‌లోని దొన్యానా జాతీయ పార్కులో ఫాబ్రిజియో సెర్జియో బృందం చేసిన అధ్యయనం 2011లో ప్రచురితమైంది. అక్కడి నల్ల గద్దలు గుడ్లు పెట్టడానికి ముందు తెల్ల ప్లాస్టిక్ ముక్కలను ఏరి గూట్లో పరుస్తాయి. మంచి చోటు దక్కించుకున్న, వయసులో బలంగా ఉన్న జంటల గూళ్లలో అవి ఎక్కువ. అలాంటి గూళ్ల మీదికి ఇతర గద్దలు వచ్చి తగాదా పెట్టుకోవడం తక్కువ. పరిశోధకులు అదనంగా ప్లాస్టిక్ పెడితే బలహీనమైన జంటలు దాన్ని తీసి పారేశాయి, లేని బలాన్ని చాటుకుంటే సవాళ్లు ఎదురవుతాయి కాబట్టి. మన గద్దల గూళ్లలోనూ పేలికలు, సంచులు కనిపిస్తాయి. అవి ఏ రంగువో, గూడు కట్టే ఏ దశలో చేరాయో దూరం నుంచి రాసుకుంటే చాలా విలువైన సమాచారం అవుతుంది.

నోట్సులో ఏం రాయాలి?

చూసినది ముందు, మీ ఊహ తరువాత. ఉదాహరణకు ఇలా: ‘ఉదయం 7.40, గాలి తక్కువ. మగ డేగ వేప ఎండుకొమ్మ మీద. తూర్పు నుంచి మరో డేగ, తాటిచెట్టు ఎత్తులో. మగది మూడుసార్లు కూసి లేచింది, పైకి చేరింది, కాళ్లు దించి కాలువ గట్టు దాకా వెంబడించింది, తాకలేదు. 7.43కి అదే కొమ్మకు తిరిగి వచ్చింది. ఆడది గూట్లోనే, కూయలేదు.’ ఇందులో కోపం, భయం వంటి మాటలు లేవు. వాటిని పక్క పేజీలో రాసుకోవచ్చు.

ఎత్తును మీటర్లలో అంచనా వేయడం కష్టం కనుక తాటిచెట్టు, సెల్ టవరు, నాలుగంతస్తుల మేడ వంటి వాటితో పోల్చండి. ఎంతసేపు కూర్చున్నారో, ఏమీ జరగని రోజు సంగతి ఏమిటో తప్పక రాయండి. గంట కూర్చుంటే ఒక తగాదా, నాలుగు గంటలు కూర్చుంటే ఒక తగాదా ఒకటి కావు. పటానికి ఫోన్‌లోని శాటిలైట్ చిత్రాన్ని ముద్రించుకొని, తరుము మొదలైన చోటును చుక్కతో, వెనక్కి మళ్లిన చోటును గీతతో గుర్తించండి. గీతలన్నింటినీ బయటి వైపు నుంచి కలిపితే వచ్చే ఆకారమే ఆ జంట కాపాడే మేర.

ఫోన్‌లో కూత వినిపించి పక్షిని రప్పించవచ్చా? డ్రోన్ ఎగరేయవచ్చా?

రెండూ వద్దు. మొదటిది లేని శత్రువును చూపి పక్షి శక్తిని వృథా చేయించడం. రెండోది గూటి మీదికి నిజమైన చొరబాటు, వేటపక్షులు డ్రోన్ మీద దాడి చేసి రెక్కలు విరగ్గొట్టుకోగలవు.

సంక్రాంతి గాలిపటాల వల్ల ఇబ్బంది ఉందా?

ఉంది. జత కట్టిన గద్దలు గిరికీలు కొట్టే రోజులూ గాలిపటాల రోజులూ ఒకటే. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లో నిషేధించింది, అయినా పండుగ తరువాత చెట్లకు వేలాడే దారాలు కనబడుతూనే ఉంటాయి. చేతికందే ఎత్తులో ఉన్న దారాన్ని తీసి చుట్టి పారేయడం ప్రతి పరిశీలకుడూ చేయగలిగిన పని.

రాత్రి గుడ్లగూబలకు కూడా ఇలాకా ఉంటుందా?

ఉంటుంది, అయితే కాపలా ఎక్కువగా గొంతుతోనే జరుగుతుంది. పగిడిగంటి అనే చిన్న గుడ్లగూబల జంటలు సందె వేళ తొర్ర దగ్గర కీచుమని కలిసి కూస్తాయి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు పాత చింతచెట్ల దగ్గర, పాడుబడిన గోడల దగ్గర నిలబడి వినండి. రాతికొండల్లో ఉండే, చెవుల దగ్గర ఈకల కుచ్చులున్న పెద్ద గుడ్లగూబ సూర్యాస్తమయం వేళ, తెల్లవారుజామున లోతైన గొంతుతో కూస్తుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా దాని గూటి కాలం, గుడ్లు రాతి చాటున ఉత్త నేల మీదే పెడుతుంది. కాబట్టి ఆ నెలల్లో గుట్టల మీద దారి వదిలి నడవకండి. కింద రోడ్డు మీది నుంచే కూత వినబడిన దిక్కును దిక్సూచితో రాసుకోండి. రెండు మూడు చోట్ల నుంచి దిక్కులు కలిపితే కూసిన చోటు తెలుస్తుంది. టార్చిలైటు వేయవద్దు.

చలికాలంలో పొలాల మీద పోట్లాడుకునే పెద్ద గద్దలు గూడు కోసమేనా?

కాదు. వరిచేల మీద తక్కువ ఎత్తులో ఊగుతూ ఎగిరే పిల్లి గద్దలు, చేపలు పట్టే కోరమీను గద్దలు వలస పక్షులు, మన దగ్గర గూడు పెట్టవు. వాటి తగాదాలు వేటచోటు కోసం, రాత్రి పడుకొనే చోటు కోసం.

గూడు ఫోటోను, చోటును అందరితో పంచుకోవచ్చా?

తగాదా ఫోటోను పంచుకోండి, గూటి చోటును పంచుకోవద్దు. ఫోటోలో దుకాణం బోర్డు, గుడి గోపురం వంటి ఆనవాళ్లు పడితే కత్తిరించండి. పక్షుల పరిశీలనలను నమోదు చేసే ఈబర్డ్ వంటి వెబ్‌సైట్లను వాడేవారు అక్కడ ఇలాకా కాపలాకు ఉన్న సంతానోత్పత్తి సంకేతాన్ని (బ్రీడింగ్ కోడ్) వాడుకోవచ్చు, అయితే గూడు ఖాళీ అయ్యాక నమోదు చేయడం, చెట్టుకు బదులు ఊరి పేరు ఇవ్వడం క్షేమం.

చట్టం ఏమంటుంది?

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షుల గుడ్లను పాడుచేయడం, గుడ్లనూ గూళ్లనూ కదిలించడం కూడా వేట నిర్వచనం కిందికే వస్తాయి. కొండపల్లి వంటి రిజర్వు అడవుల్లో తిరగదలచినవారు ముందుగా అటవీ శాఖను అడగాలి. గూడున్న చెట్టును నరకబోతుంటే కొట్లాటకు దిగకుండా, అటవీ శాఖకు తెలియజేసి, పిల్లలు ఎగిరే దాకా ఆగమని యజమానిని అడగండి. నెల, నెలన్నర గడువు అడిగితే కాదనేవారు తక్కువ, ముఖ్యంగా గరుడ పక్షి గూడైతే, ఎందుకంటే ఆ పక్షి కనబడితే ఆగి దండం పెట్టుకొనేవారు ఇక్కడ ఇప్పటికీ చాలామంది ఉన్నారు.

పిల్ల కింద పడితే?

ఈకలు నిండుగా వచ్చి తక్కువ కొమ్మ మీద కూర్చున్న పిల్లను తాకవద్దు, తల్లిదండ్రులు అక్కడికే తిండి తెస్తాయి. నూగు మాత్రమే ఉన్న పిల్ల నేల మీద ఉంటే గాలి ఆడే అట్టపెట్టెలో నీడన ఉంచి, పాలు గాని నీళ్లు గాని నోట్లో పోయకుండా, అటవీ శాఖకు గాని పక్షుల వైద్యం తెలిసిన పశువైద్యుడికి గాని చెప్పండి. వీలైతే అదే చెట్టు మీద బుట్టలో పెట్టించడం ఉత్తమం.

పిల్లలు ఎగిరిపోయాక పరిశీలన ముగిసినట్లేనా?

లేదు. గూడు ఖాళీ అయినా జంట కొన్ని వారాలు అదే చోట పిల్లలకు తిండి పెడుతుంది, ఆ తరువాత హద్దు సడలుతుంది. ఇంతకుముందు గాలిలోనే సాగనంపిన పక్షిని ఇప్పుడు అదే చెట్టు మీద వాలనిస్తుంది. ఈ సడలింపు ఏ వారంలో మొదలైందో, పిల్లలను తల్లిదండ్రులే తరమడం ఎప్పుడు మొదలుపెట్టాయో రాసుకున్నవారు చాలా తక్కువ. వానలు మొదలైన తరువాత వారానికి ఒక ఉదయం పాత కొమ్మ దగ్గర కూర్చోండి. చలి మొదలయ్యాక ఆ కొమ్మ మీదికి ముందుగా వచ్చింది విరిగిన ఈక ఉన్న పాత పక్షేనా, కొత్తదా అన్నది ఇంకా పూర్తిగా కొత్త ఈకలు రాకముందే సరిచూసుకోండి.